పంచని సీసా

ఆసుపత్రి కాగితాల్లో ఆమె పేరు ప్రిస్కా కబహెండా. ఆ కొండవాలుల్లో మాత్రం అందరికీ అడ్యేరి. అక్కడి టోరో మనుషులు ఒకరినొకరు అడ్యేరి, అకీకీ, అమూటీ లాంటి ముద్దుపేరుతోనే పలకరించుకుంటారు. ఉట్టి పేరు పెట్టి పిలవడం పోలీసులకీ పరాయివాళ్ళకీ వదిలేస్తారు. అంత ముద్దుగా పిలిచే జనమే ఆమె మోటారు సైకిలు చప్పుడు వినపడితే తలుపులు దగ్గరికి వేసుకునేవారు. ఆమె ఎవరి వాకిట బండి ఆపితే ఆ ఇంట్లో ఒక మనిషికి రోజులు దగ్గర పడ్డాయని వాళ్ళ లెక్క. సంతలో అరటికాయలు అమ్మే ముసలాయన కూడా, "కాయలు ఎన్నైనా పట్టుకెళ్ళు తల్లీ, మా ఇంటి దారి మాత్రం పట్టకు" అని నవ్వుతూనే అనేవాడు.

ఆమె సంచిలో ఉండేది మార్ఫిన్. కంపాలా నుంచి తెల్లటి పొడి వస్తే దాన్ని కొలిచి నీళ్ళలో కలిపేవారు. బలం తక్కువదానికి ఆకుపచ్చ రంగు, దానికి పదింతలు బలమైనదానికి ఎరుపు. పొరపాటున కూడా ఒకటి మరొకటి అనుకోకూడదని ఆ రంగులు. డాక్టర్లు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే ఉన్న దేశం కాబట్టి, తొమ్మిది నెలలు ప్రత్యేకంగా చదివిన నర్సులకి కూడా ఈ మందు రాసే అధికారం ఇచ్చారు. ఆ మూడు లోయలకీ కలిపి అలాంటి నర్సు కబహెండా ఒక్కతే.

ఆ చదువుకి ఆమె పట్టుబట్టి వెళ్ళింది. కారణం తల్లి చావు. కబహెండాకి పదమూడేళ్ళప్పుడు తల్లికి గర్భసంచిలో పుండు పడింది. అప్పట్లో ఆ కొండల్లో నొప్పికి దొరికేది తలనొప్పి మాత్ర ఒక్కటే. నాలుగు నెలలు ఆమె అరిచింది. చివరి రోజుల్లో గొంతు పోయి, నోరు తెరిచేది గానీ శబ్దం వచ్చేది కాదు. అక్క రెస్టిటూటాకి అప్పటికి పద్దెనిమిదేళ్ళు. ఆ అరుపులు భరించలేక ఒక వానపొద్దున నీళ్ళ డబ్బా పట్టుకుని వాగుకి వెళ్ళి మళ్ళీ రాలేదు. తేయాకు తోటలో పనిచేసే ఒకతనితో వెళ్ళిపోయిందని తరువాత తెలిసింది. తల్లిని కడిగింది, పక్క మార్చింది, చివరికి కళ్ళు మూసింది చిన్నదే. ఆ తరువాత ముప్పయ్యేళ్ళు అక్కచెల్లెళ్ళు పెళ్ళిళ్ళలో, చావుల్లో కలుసుకున్నారు, మంచీచెడ్డా మాట్లాడుకున్నారు. ఆ నాలుగు నెలల మాట మాత్రం ఇద్దరూ ఎత్తలేదు.

ముగెన్యి అనే ఆయన కబహెండా చేతికి వచ్చింది ఒక జూన్ నెలలో. తేయాకు తోటలో పాతికేళ్ళు ఆకు తూకం వేసిన మనిషి. నోరు మంచిది కాదు గానీ మనసు మంచిదని పేరు. మూత్రం దారిలో పుట్టిన కాన్సర్ వెన్నుపూసకి పాకింది. పట్టణంలో డాక్టర్లు ఇక చేసేదేమీ లేదని ఇంటికి పంపేశారు. నులకమంచం మీద పక్కకి కూడా తిరగలేక పళ్ళు బిగించుకుని పడి ఉన్నాడు. మొదట మామూలు నొప్పి మాత్రలు వాడారు, తరువాత వాటికంటే కాస్త బలమైనవి. రెండూ అతని నొప్పికి చాలలేదు. కబహెండా అతని చేయి తన చేతిలోకి తీసుకుని, పిడికిలి మూస్తే నొప్పి లేనట్టు, అయిదు వేళ్ళూ తెరిస్తే ఇంతకు మించి ఉండదన్నట్టు, మీదెంతో చూపించండి అంది. అతను రెండు చేతులూ తెరిచి చూపించాడు.

గుమ్మంలో చిక్కుళ్ళు ఒలుస్తున్న అతని భార్య కజుంబా చేతులు ఆపి అడిగింది. "ఇది తాగినవాళ్ళు చచ్చిపోతారటగా?"

"చావుకి దగ్గర పడ్డాకే జనం నన్ను పిలుస్తున్నారు అకీకీ, అందుకని అలా అనిపిస్తుంది. చంపేది జబ్బు. ఇది నొప్పిని తగ్గిస్తుంది, అంతే."

"మరి సారాయిలాగా అలవాటైపోతే?" అన్నాడు ముగెన్యి. "మా వీధిలో తాగుబోతులు చాలరా? ఈ వయసులో నేనూ చేరాలా?"

కబహెండా మంచం పట్టె మీద కూర్చుని అతనికి అర్థమయ్యేలా చెప్పింది. నొప్పి పుట్టేది నడుములోనే అయినా అది తెలిసేది తలలో. నడుము నుంచి నరాల వెంట, వెన్ను లోపలి దారిలో ఆ కబురు పైకి పోతుంది. దెబ్బ తగిలినప్పుడు నొప్పి తగ్గించడానికి మన ఒంట్లోనే కొంచెం మందులాంటిది ఊరుతుంది. అది వెళ్ళి కూర్చునే చోట్లు వెన్నులోనూ మెదడులోనూ ఉన్నాయి. ఈ మందు కూడా సరిగ్గా ఆ చోట్లలోనే కూర్చుని కబురు పైకి పోకుండా అణుస్తుంది. గడ్డ కరగదు, పుండు మానదు. ఊపిరి తీయమని చెప్పే చోటుని కూడా ఇది కొంచెం మందగింపజేస్తుంది కాబట్టి ఒకేసారి ఎక్కువ తాగితే ప్రమాదం. అందుకే చిన్న కొలతతో మొదలుపెట్టి, రోజు రోజుకీ చూసుకుంటూ పెంచాలి. ఒళ్ళు దీనికి అలవాటు పడుతుంది, నిజమే, హఠాత్తుగా మానేస్తే తిరగబడుతుంది. కానీ నొప్పికి తగ్గ కొలతలో తాగేవాడికి సారాయి పిచ్చిలాంటిది పట్టడం చాలా అరుదు. నొప్పి వచ్చేదాకా ఆగకూడదు. నాలుగు గంటలకొకసారి, గడియారం చూసి తాగాలి. పడుకునేముందు రెండింతలు తాగితే నిద్ర మధ్యలో లేవక్కర్లేదు.

ఇంత చెప్పి, సూదిలేని సిరంజితో ఆకుపచ్చ మందు అయిదు మిల్లీలీటర్లు కొలిచి అతని నోట్లో పోసింది. చేదుకి అతను ముఖం వికారంగా పెట్టాడు.

రెండు రోజులు మత్తుగా పడుకున్నాడు, రెండుసార్లు కక్కాడు. మూడోరోజు ఆమె వెళ్ళేసరికి గోడకి ఆనుకుని కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. "నీ మందు నొప్పిని కట్టేసింది బిడ్డా. దాంతోపాటు నా కడుపు కూడా కట్టేసింది" అన్నాడు. ఆమె నవ్వి, తిట్టి, ఎండబెట్టిన బొప్పాయి గింజల పొడి చెంచాడు తేనెలో కలిపి పెట్టమని కజుంబాకి చెప్పింది. మలబద్ధకం ఈ మందుని ఎప్పుడూ వదలదు, ముందే చెప్పనందుకు తప్పు తనదే అని ఒప్పుకుంది.

జబ్బు పెరిగేకొద్దీ కొలత పెరిగింది. ఈ మందులో ఇంతకు మించి ఇవ్వకూడదనే గీత లేదు. నొప్పి ఎంత పెరిగితే కొలత అంత పెంచవచ్చు. నవంబరు వచ్చేసరికి ముగెన్యి ఎర్ర మందు మీద ఉన్నాడు, పూటకి మూడు మిల్లీలీటర్లు. నడవలేడు గానీ వాకిట్లో చాప మీద కూర్చుని దారిన పోయేవాళ్ళ నడకలకి వంకలు పెట్టేవాడు. అతని నొప్పి తగ్గిన సంగతి అలా వీధంతటికీ తెలిసింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రెస్టిటూటా సంగతి బయటపడింది. మొగుడు పోయి, పిల్లలు లేక, పక్క లోయలో ఒంటరిగా చిక్కుళ్ళు పండించుకుని బతుకుతోంది. రెండేళ్ళుగా రొమ్ములో గడ్డని గుడ్డ కింద దాచుకుని, ప్రార్థనలు చేయించుకుంటూ గడిపింది. అది తుంటి ఎముకకీ పక్కటెముకలకీ పాకాక గానీ ఆసుపత్రి మెట్లెక్కలేదు. కబహెండా బండి మీద ఆమె ఇంటికి వస్తానంది.

"నీ బండి నా వాకిట ఆగితే పక్కింటివాళ్ళు నన్ను ఇవాళే పూడ్చేస్తారు" అంది అక్క.

"అయితే నువ్వే నా దగ్గరికి రా అమూటీ. నా వాకిట బండి రోజూ ఆగుతుంది, ఎవరికీ అనుమానం రాదు."

అలా అక్క చెల్లెలి ఇంటికి, ఆసుపత్రి వెనకున్న రెండు గదుల క్వార్టర్సుకి చేరింది. సొంతవాళ్ళకి నర్సు తనే మందు రాయకూడదు. నెలకోసారి వచ్చే డాక్టరు రెస్టిటూటాకి చీటీ రాశాడు. ఆ చీటీ మామూలు చీటీ కాదు. రోగి పేరు, నంబరు, తేదీ, ఏ రంగు మందు, పూటకి ఎంత, మొత్తం ఎంత, అది అంకెల్లోనూ అక్షరాల్లోనూ, కింద పూర్తి సంతకం. ఒక్క దిద్దుబాటు ఉన్నా మందుల గది చూసే రువాబ్వోగో వెనక్కి ఇచ్చేసేవాడు. రెండు తాళాల బీరువా తీసి, కొలిచి పోసి, పుస్తకంలో రాసుకునేవాడు. రోగి చనిపోతే మిగిలిన మందు ఆ ఇంటివాళ్ళు తిరిగి తెచ్చివ్వాలి. ఇద్దరి ఎదుట దాన్ని పారబోసి, అదీ రాయాలి. మరొకరికి వాడటానికి లేదు.

నవంబరు మధ్యలో కంపాలా నుంచి పొడి రావడం ఆగిపోయింది. ఎందుకు రాలేదో ఎవరూ సరిగా చెప్పలేకపోయారు. రేపు అన్నారు, సోమవారం అన్నారు. రువాబ్వోగో ఫోను చేసి చేసి, ఇక ఫోనుతో పని కాదని పట్టణానికి బయలుదేరాడు. కబహెండా దగ్గర ఆ మందు మీద ఉన్నవాళ్ళు అప్పటికి ఇద్దరే, ముగెన్యి, రెస్టిటూటా. ఇద్దరి సీసాలూ ఒక్కరోజు తేడాలో ఖాళీ అయ్యాయి.

ఒక రోజు గడిచేసరికి అక్కకి చెమటలు పట్టాయి. ముక్కు కారింది, కడుపులో మెలిపెట్టింది. మందు ఒక్కసారిగా ఆగినప్పుడు ఒళ్ళు చేసే గొడవ అది. దాని వెనకే ఎముకల నొప్పి వచ్చింది. కబహెండా రెండో గదిలో బట్టలు మడతపెడుతూ ఆ మూలుగు విని, తనకు తెలియకుండానే చెవులు మూసుకుంది. అది తల్లి గొంతే.

రెండోరోజు మధ్యాహ్నం ఒక ముసలావిడ కొండ దిగి వచ్చింది. ఆమె కూతురు గ్రేస్ కెమిగిసా, కబహెండా చూసిన రోగే, నాలుగు రోజుల కిందట పోయింది. మిగిలిన మందు ఇవ్వాలని చెప్పారు గదా అని, కొంగులో కట్టుకున్న సీసా విప్పి కబహెండా చేతిలో పెట్టింది. ఎర్ర మందు, దాదాపు రెండు వందల మిల్లీలీటర్లు. మందుల గదికి తాళం ఉంది, రువాబ్వోగో పట్టణంలో ఉన్నాడు. కబహెండా సీసాని సంచిలో పెట్టుకుని ఇంటికి వెళ్ళింది.

వెళ్ళే దారిలోనే ఆమె లెక్క వేసింది. అలాంటి లెక్కలు ఆమె రోజూ వేసేవే. ముగెన్యి కొలత అక్క కొలతకి రెట్టింపు. ఇద్దరికీ పోస్తే వారం వస్తుంది. ఇద్దరి కొలతలూ కొంత తగ్గిస్తే పది రోజులదాకా లాగవచ్చు. అక్కకొక్కదానికే అయితే మూడు వారాలు. పొడి ఎప్పుడొస్తుందో దేవుడికి కూడా తెలిసినట్టు లేదు.

ఇంటికి వెళ్ళి, చేతులు కడుక్కుని, అక్కకి ఒకటిన్నర మిల్లీలీటరు పోసింది.

మర్నాడు పొద్దున ముగెన్యి ఇంటికి వెళ్ళింది. బలం తక్కువ మాత్రలు తీసుకెళ్ళింది, వేడినీళ్ళ సంచి తీసుకెళ్ళింది. అతను దిండుని పళ్ళతో పట్టుకుని ఉన్నాడు. కజుంబా ఆమెని బయటికి తీసుకొచ్చి గట్టిగా అడగలేక మెల్లగా అడిగింది. "ఎక్కడా లేదా అడ్యేరీ? ఎంత దూరమైనా పోతాను, చెప్పు."

"ఎక్కడా లేదు అకీకీ."

లోపల్నుంచి ముగెన్యి విన్నాడు. ఆమె వెళ్ళబోతుంటే దగ్గరికి పిలిచాడు. "ఏడవకు బిడ్డా. లేనిది నువ్వు మాత్రం ఎక్కణ్ణుంచి తెస్తావు" అన్నాడు. నిజానికి ఆమె ఏడవడం లేదు. ఆ మాట విన్నాక బండెక్కి ఇంటికి వెళ్ళి, అక్కకి వేళ తప్పకుండా మధ్యాహ్నపు పూట కొలిచి పోసింది.

అయినా మర్నాడు కూడా వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. ప్రతిరోజూ వెళ్ళేముందు సీసా వైపు చూసేది. ఇవాళ ఒక పూటకైనా తీసుకెళదామని సిరంజి పట్టుకునేది. ఇప్పుడు తీసుకెళితే, నిన్న లేనిది ఇవాళ ఎక్కణ్ణుంచి వచ్చిందని అడుగుతారు. మొదటిరోజు ఆడిన అబద్ధం ఆ విధంగా మిగతా రోజులన్నిటికీ అడ్డం పడింది. రువాబ్వోగో పట్టణం నుంచి ఖాళీ చేతులతో తిరిగి వచ్చాడు. అతనికీ చెప్పలేదు.

సీసా వచ్చిన తొమ్మిదోరోజు సాయంత్రం ముగెన్యి చనిపోయాడు. అప్పటికి వీధిలో జనం అతని అరుపులు భరించలేక ఆ ఇంటి ముందునుంచి నడవడం మానేసి, చుట్టు దారిన పోతున్నారు. అరటితోటలో పూడ్చిన తరువాత కజుంబా అందరి ముందూ కబహెండా రెండు చేతులూ పట్టుకుంది. మందు లేకపోయినా రోజూ వచ్చావు, ఎవరొస్తారు ఇలా అని కళ్ళకద్దుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అవునన్నట్టు తలలూపారు.

పందొమ్మిదోరోజు పొడి వచ్చింది. సీసా వచ్చాక అన్ని రోజుల్లో రెస్టిటూటాకి ఒక్క పూట కూడా మందు తప్పలేదు.

ఆమె ఇంకో నెల బతికింది. వాకిట్లో ఎండలో కూర్చుని రాగిజావ తాగేది, చెల్లెలి జడలు విప్పి మళ్ళీ అల్లేది. ఒకరోజు అలా అల్లుతూ, చేతులు ఆపకుండానే అడిగింది. "ఆ సీసా మీద కెమిగిసా అని ఉంది. రెండోరోజే చదివాను. ఆ అమ్మాయి పోయిందని అర్థమైంది. నేనడిగేది అది కాదు. అది ఇంకెవరికి పోయకుండా నాకు పోశావు?"

"ముగెన్యి అని, తోటలో తూకం వేసే ఆయన."

"ఉన్నాడా?"

"లేడు."

రెస్టిటూటా ఆ జడ పూర్తిచేసి ఇంకోదాని పాయలు విడదీసింది. "అమ్మ దగ్గర్నుంచి ఎందుకు పారిపోయానో నీకు తెలుసు" అంది చివరికి. "ఆ అరుపు మళ్ళీ వినకూడదనుకున్నాను. ఈసారి ఎవరి అరుపూ నాకు వినపడలేదు కాబట్టి ఎవరూ అరవడం లేదనుకున్నాను. చదివిన రోజునే అడిగి ఉండాలి. అడిగితే నువ్వు పోయడం మానేస్తావేమోనని భయపడ్డాను. మందుల పుస్తకంలో నీ తప్పు రాసేటప్పుడు నాదీ రాయి."

రెస్టిటూటా జనవరిలో ఒక మధ్యాహ్నం, నిద్రలోనే పోయింది. ముఖం మీద ఎక్కడా ముడత లేదు. అలాంటి చావు కోసమే కబహెండా ఇన్నేళ్ళూ లోయలన్నీ తిరిగింది. దాన్ని చూసి ఆమెకి ఏ సంతోషమూ కలగలేదు.

అక్కని పూడ్చిన మూడోరోజు ఆమె ఖాళీ సీసా తీసుకుని మందుల గదికి వెళ్ళింది. జరిగింది చెప్పింది. రువాబ్వోగో పుస్తకం తెరిచి, కెమిగిసా పేరు ఎదురుగా ఖాళీగా ఉన్న గడి చూశాడు. లేచి తలుపు వేసి వచ్చి, "పగిలిపోయిందని రాసెయ్. నేను సంతకం పెడతా. ఇప్పుడు నువ్వు నిజం చెబితే బతికొచ్చేవాళ్ళెవరు? నీ చేతిలో కలం పోతే రేపు ఇక్కడ రాసేదెవరు?" అన్నాడు.

ఆమె పుస్తకం తనవైపు తిప్పుకుంది. ఉన్నది ఉన్నట్టు రాసి సంతకం పెట్టింది.

పై అధికారులు పిలిచారు, ముగ్గురు కూర్చుని అడిగారు. కటువుగా మాట్లాడలేదు. మందు రాసే అధికారం ఆరు నెలలు తీసేశారు. రువాబ్వోగో అన్నట్టే అయింది. ఆ ఆరు నెలలూ రోగుల ఇళ్ళవాళ్ళు చీటీ కోసం రెండు గంటలు వ్యానులో పట్టణానికి పోవలసి వచ్చింది. పోలేనివాళ్ళు పోలేదు. కబహెండా అదే ఆసుపత్రిలో పసిపిల్లలకి టీకాలు వేస్తూ కూర్చుంది. బయట బెంచీ మీద నొప్పితో వంగిపోయినవాళ్ళని డాక్టరు వచ్చే తేదీ చెప్పి పంపించేసింది. తాను నిజం ఎవరి మేలు కోసం చెప్పిందో ఆమెకే తేలలేదు. తన గుండె బరువు దించుకోవడానికి ఇంతమంది మీద పెట్టానా అని ఒక్కోరోజు అనిపించేది.

కజుంబాకి ఇంకెవరో చెప్పకముందే తను చెప్పాలని, అధికారుల పిలుపు రాకముందే ఒక ఆదివారం వెళ్ళింది. కజుంబా వాకిట్లో చిక్కుళ్ళు ఆరబోస్తోంది. మందు ఉండిందని, తన ఇంట్లోనే ఉండిందని, అక్కకి పోశానని కబహెండా నిలబడే చెప్పింది. కజుంబా చేత్తో గింజలు పరుస్తూనే ఉంది.

"పంచితే ఎన్నాళ్ళు వచ్చేది?" అని అడిగింది.

"వారం. తగ్గించి పోస్తే పది రోజులు."

"ఆయన బతికింది తొమ్మిది."

"అవును."

కజుంబా లేచి, గింజల కింది గుడ్డ అంచులు నాలుగూ పట్టి అన్నీ మూట కట్టింది. "నీ చేతులు కళ్ళకద్దుకున్నాను అందరి ముందూ" అంది. మూట లోపలికి తీసుకుపోయి తలుపు వేసుకుంది. అప్పటినుంచి ఎక్కడ ఎదురుపడినా అడ్యేరి అనడం మానేసి నర్సుగారూ అనే పిలిచేది, అదీ తప్పనిసరైతే.

జూలైలో కలం తిరిగి ఇచ్చారు. ఇంకో నర్సుని కూడా ఆ చదువుకి పంపమని కబహెండా అర్జీ మీద అర్జీ పెట్టింది. ఆమె మళ్ళీ లోయలు తిరగడం మొదలుపెట్టింది. జనం మునుపటిలాగే తలుపులు వేసుకుంటున్నారు. సీసా ఖాళీ కావడానికి వారం ముందే చెప్పడం, మందు కొరతగా ఉంటే ఎంత ఉందో ఎంతమందికో ప్రతి ఇంట్లోనూ నోటితో చెప్పడం ఆమె కొత్తగా పెట్టుకున్న పద్ధతి. కొందరు విసుక్కునేవారు, ఇవన్నీ మాకెందుకని.

సెప్టెంబరులో కజుంబా ఆసుపత్రికి వచ్చింది. తనకోసం కాదు. ఆమె పక్కింటి పిల్ల, ఇరవై ఆరేళ్ళది, కాలి ఎముకలో గడ్డతో పడి ఉంది. తల్లి లేని పిల్ల. కజుంబా బల్ల ముందు నిలబడి, కూర్చోమన్నా కూర్చోకుండా, నొప్పి ఎక్కడ మొదలై ఎక్కడికి పాకుతుందో, ఎన్నిసార్లు లేస్తుందో, ఏ మాత్రలు పని చెయ్యలేదో వరసగా చెప్పింది. కబహెండా ఆ మధ్యాహ్నమే వెళ్ళి పిల్లని చూసి, తిరిగి వచ్చి చీటీ రాసింది. కొలత అంకెల్లో, అక్షరాల్లో. రువాబ్వోగో ఆకుపచ్చ సీసా పోసి ఇచ్చాడు.

బయట చూరు కింద ఎదురుచూస్తున్న కజుంబా చేతికి కబహెండా దాన్ని ఇచ్చి, ఎప్పుడెప్పుడు పోయాలో చెప్పబోయింది.

"నాకు తెలుసు" అంది కజుంబా. సీసాని వెలుతురుకి పట్టి చూసింది. "ఇది అయిపోయాక?"

"బీరువాలో ఇంకా పదకొండు సీసాలు ఉన్నాయి. తాగేవాళ్ళు ఆరుగురు. తగ్గితే నేనే వచ్చి చెప్తాను."

కజుంబా సీసాని బుట్టలో పెట్టుకుని, మీద గుడ్డ కప్పి, వాన మొదలయ్యేలోపు వెళ్ళాలని గబగబా దిగిపోయింది.